శ్రావణమని వాగులో వదిలేసిన పదిహేడు క్రేఫిష్‌లు

ఉత్తర మిషిగన్ వాగుల్లో క్రేఫిష్ సర్వేకి వాలంటీర్‌గా వెళ్ళొచ్చానని తెలిసి ఇద్దరు ముగ్గురు స్నేహితులు దారి, ఖర్చు, ఏమేం పట్టుకెళ్ళాలి అన్నీ రాయమని అడిగారు. రాస్తాను. కానీ ఎలా వెళ్ళానో చెప్పి ఎందుకు వెళ్ళానో మింగేస్తే సగం దాచినట్టే అవుతుంది కాబట్టి ముందు ఆ ముక్క చెప్పేస్తాను. 2011 జూలై చివరి శనివారం మేమూ మా స్నేహితుల కుటుంబమూ కలిసి గ్రేలింగ్ దాటాక అడవిలో ఒక క్యాబిన్ అద్దెకి తీసుకున్నాం. అక్కడికి అరగంట దూరంలో ఉన్న పెద్ద సరస్సులో, దారానికి చికెన్ ముక్కలు కట్టి, సాయంత్రానికల్లా పందొమ్మిది క్రేఫిష్‌లని పట్టాం. ఇవి మంచినీళ్ళలో రాళ్ళ కింద బతికే జీవులు. మా భీమవరం వాళ్ళకి చూపిస్తే రొయ్యకి పీత డెక్కలు అతికించారంటారు. రొయ్యల చెరువుల మధ్య పెరిగినదాన్ని కదా, వీటి గురించి కూడా నాకు అంతా తెలుసనే అనుకున్నాను. తడి తువ్వాలు కప్పి కూలర్‌లో పెట్టాం. ఆదివారం మధ్యాహ్నం పులుసు అని ముహూర్తం పెట్టుకుని, మసాలా కూడా నూరి ఉంచాను.

ఆదివారం పొద్దున్నే మా ఆడపడుచు భీమవరం నుంచి ఫోన్ చేసి, "శ్రావణం వచ్చేసింది కదా వదినా, ఈసారి వ్రతం ఏ శుక్రవారం పెట్టుకున్నావు?" అని అడిగింది. నాలిక కరుచుకున్నాను. శ్రావణంలో మా ఇంట్లో నీచు ముట్టుకోం. నిన్న పట్టినవే కదా అని మావారు సుధీర్ నసిగాడు గానీ నేను వినలేదు. రాత్రి రెండు చచ్చిపోయాయి. మిగిలిన పదిహేడింటినీ క్యాబిన్ వెనక పారే వాగులోకి, ఒక్కొక్కదాన్నీ వీపు పట్టుకుని మెల్లగా వదిలాను. చివరిది రాయి కిందకి దూరుతుంటే దణ్ణం కూడా పెట్టాను. ఆ రోజంతా నా మీద నాకే గౌరవం కలిగింది.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మా తెలుగు వాళ్ళ మెయిల్ గ్రూప్‌లో ఒక ఉత్తరం వచ్చింది. మౌనిక అనే అమ్మాయి, కరీంనగర్ నుంచి మాస్టర్స్ చేయడానికి వచ్చింది, ఎండాకాలంలో వాగుల సర్వేకి శని, ఆదివారాల్లో మనుషులు కావాలని రాసింది. కింద వాగుల పేర్లున్నాయి. అందులో మా క్యాబిన్ వెనకది ఒకటి. ఇంకా కింద ఒక ఫోటో: వీపుకి రెండు పక్కలా, ఎవరో వేలితో తుప్పు అద్దినట్టు ఎర్రటి మచ్చలున్న క్రేఫిష్. దీని పేరు రస్టీ, ఇది ఇక్కడిది కాదు, చేపల ఎరగా వచ్చి సరస్సులన్నీ ఆక్రమిస్తోంది, ఇది చేరిన చోట ఇక్కడి క్రేఫిష్‌లు మిగలవు అని రాసింది. నేను మా పాత ఫోటోలు తెరిచాను. మా అమ్మాయి నవ్వుతూ పట్టుకున్న క్రేఫిష్ వీపు మీద ఆ మచ్చలే ఉన్నాయి.

వెంటనే ఫోన్ చేయాలనుకున్నాను. సుధీర్ ఆపాడు. "గ్రీన్ కార్డ్ ఫైల్ చేసి మూణ్ణెల్లయింది. ఇప్పుడు వెళ్ళి మేమే వదిలామని చెప్తావా? ఫైన్ అంటారు, కేస్ అంటారు, అదెక్కడ కనపడి ఎక్కడ తగులుకుంటుందో ఎవడికి తెలుసు? ఎవరైనా అడిగారా నిన్ను?" అన్నాడు. ఎవరూ అడగలేదు. అలా అడగకుండానే మే, జూన్, జూలై గడిచాయి. నేను కార్ల విడిభాగాల కంపెనీలో టెస్ట్ ఇంజనీర్‌ని. మా దగ్గర ఏ వస్తువైనా పాస్ లేదా ఫెయిల్, మూడోది ఉండదు. ఈ విషయంలో మాత్రం పాస్ అయ్యానో ఫెయిల్ అయ్యానో తెలియక ఒకటే గుంజాటన. చివరికి నా కళ్ళతో నేను చూసుకుంటేనే కానీ తేలదనిపించి, కారణం చెప్పకుండా మౌనికకి మెయిల్ పెట్టాను. "థాంక్స్ అక్కా, షూ సైజ్ చెప్పండి చాలు, మిగతావన్నీ నా దగ్గర ఉన్నయ్" అని జవాబిచ్చింది.

ఆగస్టు రెండో శనివారం ఉదయం అయిదింటికి ఫార్మింగ్టన్ హిల్స్‌లో బయల్దేరాను. 696 హైవే ఎక్కి, తర్వాత 75 నార్త్ పట్టుకుంటే ఇంక మలుపులేం ఉండవు, మూడు గంటలపైన నేరుగా పోవడమే. బే సిటీ దగ్గర గ్యాస్ కొట్టించాను, గాలన్ నాలుగు డాలర్లకి కాస్త తక్కువ. పోనూ రానూ కలిపి ఒక ట్యాంక్ పైన పడుతుంది. బే సిటీ దాటాక పొలాలు తగ్గి దేవదారు చెట్లు మొదలవుతాయి, రేడియో స్టేషన్లు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఎనిమిదిన్నరకి గ్రేలింగ్‌లో టిఫిన్‌కి ఆగాను. అది మళ్ళీ శ్రావణం, పైగా శనివారం. వడ్డించే పెద్దావిడని పాన్‌కేక్‌లో గుడ్డు ఉంటుందా అని అడిగాను.

"ఉండకపోతే అది పాన్‌కేక్ ఎలా అవుతుంది తల్లీ?" అందావిడ. మాట ఇంగ్లీష్‌లోదే, పిలుపు మాత్రం అచ్చం అలాగే ఉంది. "గుడ్డు పడదా నీకు?"

"పడుతుంది. ఈ నెల తినను."

"వచ్చే నెల తింటావా?"

"తింటాను."

ఆవిడ పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని నన్ను కాసేపు చూసింది. "మరి ఈ నెలలో కోడికి ఏమైంది?" అని నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నేను మెనూలో గుడ్డు లేనివి వేలితో చూపించాను. వేయించిన బంగాళదుంప తురుము, టోస్ట్, కాఫీ తెచ్చి పెట్టింది. టిప్‌తో కలిపి ఎనిమిది డాలర్లు. తొమ్మిదిన్నరకి వాగు మీది వంతెన దగ్గరికి చేరాను.

మౌనిక అప్పటికే రెండు చిన్న వలలు, ఒక ఐస్ బాక్స్, బ్లీచ్ కలిపిన నీళ్ళ బకెట్ దించుకుని ఉంది. సన్నగా, టోపీ పెట్టుకుని, ఎండకి నల్లబడిన ముఖంతో ఉంది. వాగులో దిగేముందు, ఎక్కాక కూడా బూట్లు ఆ బకెట్‌లో ముంచి తీయాలంది, ఒక వాగులోవి ఇంకో వాగుకి మనమే మోసుకుపోకుండా. ఆ మాట వింటూ నా బూట్లు రెండుసార్లు ముంచాను.

"కంప్యూటర్స్ కాకుండా ఇందులోకి ఎలా వచ్చావు?" అని మాట మార్చడానికి అడిగాను.

"అందరు గదే అడుగుతరక్కా. మా నాయిన కూడ ఇప్పటిదాకా నేను సాఫ్ట్‌వేరే చదువుతున్న అని చుట్టాలకు చెప్తడు" అని నవ్వింది. తర్వాత వాగు వైపు చూపించింది. "నేను అయిదు వాగులు చూస్తున్న. నాలుగింట్ల రస్టీలు నిండిపోయినయ్. గిదొక్కటే సాఫ్‌గ ఉన్నది. రెండేండ్ల నుంచి ఒక్కటి గూడ దొరకలే. మిగతా వాగులల్ల ఎప్పుడన్న బాగు చేసుకుంటే ఇక్కడి నుంచే లోకల్‌వి తీసుకపోయి వెయ్యాలె. గందుకే దీన్ని కండ్ల పెట్టుకొని చూస్తున్న."

నేను తల ఊపాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది, ఒక్కటీ దొరక్కపోతే చెప్పే పనే ఉండదు కదా అనుకుని మింగేశాను.

ఇప్పుడు సర్వే ఎలా చేస్తారో చెబుతాను, వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది. కదిపిన బురద కిందకి పోతుంది కాబట్టి ప్రవాహానికి ఎదురుగా నడుస్తారు. ఒకరు వల అడ్డం పెట్టి నిలబడతారు, ఇంకొకరు ముందున్న రాళ్ళు ఎత్తి, అడుగు కాలితో కెలుకుతారు. వలలో పడ్డవాటిని బకెట్‌లో వేసి, ముక్కు నుంచి వీపు చివరిదాకా కొలిచి, ఆడో మగో చూసి, కాగితం మీద రాసి, ఎక్కడ దొరికినవి అక్కడే వదిలేస్తారు. రబ్బరు ప్యాంటు వేసుకున్నా ఆగస్టులో కూడా నీళ్ళు మోకాళ్ళని కొరుకుతాయి. ఇక్కడివాటికి తోక మధ్యగా నల్లటి చార ఉంటుంది. రస్టీకి వీపు పక్కల మచ్చలు, డెక్కల చివర నల్లటి ఉంగరం. ఇంతే కదా అనుకున్నాను. తీరా చూస్తే ఒకదాని చార వెలిసిపోయి ఉంది, ఒకదాని వీపు మీద మచ్చో మరకో తెలియని ఛాయ ఉంది, ఒకటి చర్మం విడిచి మెత్తగా ఏ రంగూ లేకుండా ఉంది. ప్రతిదాన్నీ నేను ఎత్తి చూపించడం, మౌనిక తిప్పి చూసి "లోకలే అక్కా" అనడం. పన్నెండింటికల్లా అరవై పైన రాశాం. అన్నీ ఇక్కడివే. నేను తెచ్చిన పులిహోర ఒడ్డున కూర్చుని తింటుంటే, ఏప్రిల్ తర్వాత మొదటిసారి ఊపిరి తేలిగ్గా ఆడింది.

అప్పుడే వాల్ట్ వచ్చాడు. మేం అద్దెకి తీసుకున్న క్యాబిన్ ఆయనదే, డెబ్బై దాటిన మనిషి. సర్వే జరిగినప్పుడల్లా ఫ్లాస్క్‌లో కాఫీ పట్టుకొస్తాడట. నన్ను చూసి కళ్ళు చిట్లించాడు. "పోయినేడు వచ్చింది మీరే కదా? మా వంటగట్టు మీద పసుపు మరక ఇంకా పోలేదు."

"క్షమించండి" అన్నాను.

"పర్వాలేదు, అలవాటైపోయింది" అన్నాడు. మౌనిక నా వైపు తిరిగింది. "మీరు ఇంతకుముందు వచ్చిన్రా ఇక్కడికి? చెప్పనే లేదు" అంది. నేను వల తీసుకుని నీళ్ళలోకి దిగాను.

రెండుంబావుకి క్యాబిన్ వెనక మలుపుకి చేరాం. మూడో రాయి ఎత్తగానే వలలో ఒకటి పడింది. దాన్ని కొలవనక్కర్లేకపోయింది. పక్కల మచ్చలు నాకే దూరం నుంచి కనిపించాయి. మౌనిక దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పింది, డెక్కలు చూసింది, మళ్ళీ వీపు చూసింది. వెళ్ళి నీళ్ళలోని బండ మీద కూర్చుంది. కాగితం కూడా తీయలేదు. "రెండేండ్లు" అంది. అంతే. ఆ పిల్ల ముఖం చూస్తే నాకు దుఃఖం వచ్చింది, దాని వెనకే భయం వచ్చింది, ఏది ఎక్కువో చెప్పలేను.

తర్వాత అరగంటలో ఇంకో మూడు దొరికాయి. రస్టీలని తిరిగి నీళ్ళలో వదలకూడదు, ఐస్‌లో వేసేయాలి. మౌనిక మూడోదాన్ని నా చేతికిచ్చి, "జెర బాక్స్‌ల వెయ్యండక్కా" అని మళ్ళీ వంగి రాళ్ళు ఎత్తుతోంది. అది ఆడది. అరచేతిలో తోక ఆడిస్తోంది. పోయినేడు ఇదే నెలలో చంపకూడదని వదిలాను, ఈ ఏడు ఇదే నెలలో చంపమంటున్నారు. ఏది పుణ్యం, ఏది పాపం? చంపితే ఈ ఒక్క ప్రాణం పోతుంది, వదిలితే రాళ్ళ కింద ఉన్నవన్నీ పోతాయి. పోనీ ఇదైనా నేను వదిలినదేనా, దాని కూతురా, అసలు సంబంధమే లేనిదా? దాని ముఖం మీద ఏమీ రాసి లేదు. చేతిలో దాన్ని పట్టుకుని, ఎటూ కదలలేక అలా నిలబడిపోయాను.

"మౌనికా" అన్నాను. "ఇవి నేనే వదిలానమ్మా. ఇక్కడే. పోయినేడు."

ఆమె నిటారుగా లేచింది. నేను కూలర్ దగ్గర్నుంచి ఆడపడుచు ఫోన్ దాకా అంతా చెప్పాను. ఒడ్డు వెంట మాతోనే వచ్చిన వాల్ట్‌కి అర్థం కావాలని మళ్ళీ ఇంగ్లీష్‌లో చెప్పాను. ఇంగ్లీష్‌లో శ్రావణం ఏమిటో చెప్పడం కుదరక, "అది చంపకూడని నెల" అన్నాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, గడ్డం గోక్కుని, "నలభై ఏళ్ళుగా నేను చేపలు పడుతున్నాను. కొట్లో ఎర కొంటాను, సాయంత్రం మిగిలినవి బకెట్‌తో సహా ఇక్కడే కుమ్మరించేవాణ్ణి. అందులో ఏముందో ఎప్పుడూ చూడలేదు" అన్నాడు.

నాకు ఉపశమనం కలగాల్సింది. కలగలేదు, గందరగోళం మాత్రం పెరిగింది. అప్పుడే మౌనిక వలలో ఉన్నదాన్ని చూపించింది. పెద్దది, మచ్చలున్నాయి, కానీ మసకగా. తోక మీద చార కూడా ఉంది. "ఇది రెండు జాతులది కలిసి పుట్టినట్టున్నది" అంది. "సైజ్ చూస్తే రెండేండ్లన్న ఉంటది. మీరు వదిలి ఏడాదే అయింది."

"అయితే మావల్ల కాదా?" అన్నాను, నా గొంతులో ఆశ నాకే వినబడింది.

"మీరు కాదని కాదక్కా. మీకంటే ముందు ఇంకెవరన్న గూడ ఉండొచ్చు అంటున్న. లేకపోతే నేనే తప్పు చూస్తున్ననేమో. డిఎన్ఎ చేస్తే గాని తెల్వదు. చేసినా గూడ సగమే తెలుస్తది." రాయి కింద గోరంత పిల్లలు పాతిక దాకా ఉన్నాయి. అవి ఎవరి పిల్లలో ఆమె కూడా చెప్పలేకపోయింది. ఇంత చిన్నప్పుడు ఏ మచ్చా ఏ చారా కనిపించదట.

నేను చేతిలో ఉన్నదాన్ని ఐస్ బాక్స్‌లో పెట్టి మూత వేశాను. లోపల గీరుతున్న చప్పుడు కాసేపు వినిపించింది. కళ్ళు తుడుచుకుంటే మౌనిక చూడనట్టు అటు తిరిగి, రస్టీలు దొరికితే నింపే వేరే కాగితం తీసింది.

"ఎన్ని అక్కా?"

"పదిహేడు. రెండు ముందే చచ్చిపోయాయి."

"ఏ తావున?"

ఆ ఒంగిన చెట్టు కింద, పెద్ద బండకి ఎడమ పక్కన అని చూపించాను. తేదీ చెప్పాను. ఏ సరస్సులో పట్టామో చెప్పాను. అన్నీ పెన్సిల్‌తో నెమ్మదిగా రాసింది. తర్వాత తల ఎత్తకుండా, "ఇవి రస్టీలని మీకు ఎప్పుడు తెలిసింది?" అంది.

"ఏప్రిల్‌లో. నీ మెయిల్ చూసినప్పుడు."

పెన్సిల్ ఆగింది. "ఏప్రిల్, మేలల్ల తల్లులు గుడ్లను తోక కింద పట్టుకొని రాళ్ళ కింద ఉంటయ్, ఎక్కువ తిరగవు. ఈ మలుపు ఒక్కటి గాలిస్తే చాన దొరుకుతుండె. ఇప్పుడు పిల్లలు బయటికొచ్చినయ్. ఎందాక పోయినయో ఏమో." కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేది.

"గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉందమ్మా. ఫైన్ వేస్తారేమో, రికార్డ్‌లో పడుతుందేమో అని భయపడ్డాం" అన్నాను. అది చెబుతుంటే ఎంత చిన్న మాటగా వినిపించిందో. "పడితే పడనీ. నా పేరు రాసుకో. స్పెల్లింగ్ చెబుతాను."

మౌనిక కాగితం నా వైపు తిప్పింది. వాగు పేరు, తేదీ, చోటు, సంఖ్య, ఎక్కడి నుంచి వచ్చాయి. అయిదు గడులు. "పేరుకు గడి లేదక్కా" అంది. "ఎప్పుడు లేదు. వచ్చిన చోటు అన్న గడిల 'తెల్వదు' అని తప్ప నేను ఇప్పటిదాకా ఇంకోటి రాయలే. ఎవ్వరు చెప్పలే."

సాయంత్రం ఆరు దాకా ఆ మలుపులోనే రాళ్ళన్నీ ఎత్తాం. వాల్ట్ కూడా ప్యాంటు మడిచి దిగాడు. తొమ్మిది రస్టీలు, ఎటూ తేలనివి నాలుగు. మిగతావి ఇక్కడివే, ముప్ఫై దాకా. వాటిని మళ్ళీ నీళ్ళలో వదిలాం. ఇంటి దారిలో గ్యాస్ స్టేషన్ నుంచి సుధీర్‌కి ఫోన్ చేశాను.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

"ఏమన్నారు? పేరు రాసుకున్నారా?"

"రాసుకోలేదు."

"హమ్మయ్య" అన్నాడు. తర్వాత తనే, "అయితే ఏప్రిల్‌లోనే చెప్పేసి ఉండొచ్చన్న మాట" అన్నాడు. అవునన్నాను. ఇల్లు చేరేసరికి పది దాటింది.

ఆ వాగు నిలుస్తుందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. రెండు వారాలకోసారి బోనులు పెడుతున్నారు, పరీక్షలకి పంపినవాటి ఫలితాలు రావాలి. నేను చేసింది పుణ్యమా పాపమా అన్న లెక్క కూడా తేలలేదు. దయతో చేసిన పని ఇలా అయిందంటే ఏం చేయాలో నాకు తెలియదు, కానీ తెలియక చేసినదానికి నాకంత బాధ లేదు. నిద్ర పట్టనివ్వనిది తెలిశాక ఊరుకున్న నాలుగు నెలలు. పదిహేడు క్రేఫిష్‌ల సంగతి ఏమో గానీ, ఆ రాళ్ళ కింద ఉన్న గోరంత పిల్లలు మాత్రం నా మౌనంలో పుట్టినవే. వెళ్ళేవాళ్ళకి ఒకే ఒక్క సలహా: ఒక నీటిలో పట్టిన ప్రాణిని ఇంకో నీటిలో వదలకండి. అప్పటికే వదిలేసి ఉంటే, చోటు, తేదీ, ఎన్నో గుర్తున్నంతవరకు కాగితం మీద రాసుకుని, తెలిసిన రోజే ఆ వాగు చూసుకునేవాళ్ళకి చెప్పండి. వాళ్ళు పేరు అడగరు. అడిగినా చెప్పండి.